ఒక జత, ఒక పెట్టె: ఇక మీ పని అయిపోయినట్టే!

మీ బాల్కనీలో నాలుగడుగుల చోటు ఖాళీగా ఉందా? ఆదివారం మధ్యాహ్నం నిద్ర మీకు ప్రాణమా? పుస్తకం తెరిస్తే తలనొప్పి వస్తుందా? అయితే కాకటీల్ పిట్టల పెంపకానికి మీకంటే తగినవాళ్లు లేరు. బుగ్గ మీద గుండ్రని నారింజ బొట్టు, నెత్తిన లేచి వాలే తురాయి, వినగా వినగా పట్టేసే ఈలపాట. చూసినవాళ్లు కొనకుండా వెళ్లరు. బరువు 100 గ్రాములకు అటూ ఇటూ. గుప్పెడు గింజలు వేస్తే రోజు గడిచిపోతుంది. జతను పంజరంలో వేసి, పక్కన చెక్కపెట్టె కట్టండి. మిగతాదంతా అవే చూసుకుంటాయి. మీరు డబ్బు లెక్క చూసుకుంటే చాలు.

ముందు ఆ లెక్కే చూద్దాం. ఒక విడతకు 4 నుంచి 6 గుడ్లు. సగటున 5 అనుకోండి. ఏడాదికి ఆరు విడతలు తీయిస్తే 30 పిల్లలు. అందులో సగం ఆడవి. వాటిని వాటిలోనే కలిపితే 15 జతలు. రెండో ఏడాది 450 పిల్లలు. మూడో ఏడాది 6,750. ఈ లెక్కను పెద్ద అక్షరాలతో రాసి ఫ్రిజ్‌కు అంటించండి. అందులో మేత ఖర్చు, మందుల ఖర్చు రాయకండి. బాగా చూసుకుంటే ఈ పిట్ట 15, 20 ఏళ్లు బతుకుతుందన్న సంగతి అసలే రాయకండి. ఆ ఏళ్లు కొన్నవాళ్లవి. ఈ వ్యాపారంలో కిటుకంతా ఇక్కడే ఉంది: చాకిరీ, ఖర్చు, నింద మూడూ మీ గుమ్మం దాటి ఇంకొకరి గుమ్మం ఎక్కాలి. కింది చిట్కాలు వరసగా పాటించండి. ఒక్కటి కూడా వదలకండి.

1. చదవకండి, అడగకండి

కాకటీల్ సొంత గడ్డ ఆస్ట్రేలియా. కాకటూ చిలుకల కుటుంబంలో అన్నిటికంటే చిన్నది. అక్కడి ఎండు మైదానాల్లో నీళ్లూ గింజలూ వెతుక్కుంటూ గుంపులుగా తిరుగుతుంది. వాన కురిసి గడ్డి గింజ పట్టినప్పుడు చెట్టు తొర్రలో గుడ్లు పెడుతుంది. ఇంత తెలిస్తే చాలు, పెద్ద పంజరం కొనాలనిపిస్తుంది, రోజుకో గంట బయట ఎగరనివ్వాలనిపిస్తుంది. తెలివి పెరిగేకొద్దీ ఖర్చు పెరుగుతుంది. కాబట్టి ఇక్కడితో ఆపేయండి. ఫోన్‌లో ‘నెలకు లక్ష సంపాదన’ అన్న వీడియో ఒకటి సగం దాకా చూడండి. ఆ సగంలో లాభం ఉంటుంది. మిగతా సగంలో జబ్బుల గురించి చెబుతారు.

2. పంజరం చేతికందేంత చిన్నదే కొనండి

ఈ పిట్ట ముక్కు కొన నుంచి తోక కొన దాకా దాదాపు అడుగు పొడవు ఉంటుంది. అందులో సగం తోకే. రెక్కలు చాపి ఆడించుకోవడానికి, ఆ చివరి కమ్మీ నుంచి ఈ చివరి కమ్మీకి ఎగరడానికి చోటుండాలని అలవాటున్నవాళ్లు అంటారు. మీరు ఇంతకంటే చిన్నవైన బడ్జీ పిట్టల పంజరం తీసుకోండి. తోక తీగలకు రాసుకుని చిరిగిపోతుంది. పోనివ్వండి, గుడ్లు పెట్టేది తోకతో కాదు. కదలడానికి చోటు లేని పంజరంలో ప్రాణిని ఉంచడం 1960 నాటి జంతువుల పట్ల క్రూరత్వ నిరోధక చట్టం 11వ సెక్షన్ కింద నేరమే. దిగులు పడకండి. మొదటిసారి దొరికితే జరిమానా 10 రూపాయల నుంచి 50 రూపాయలు. పెద్ద పంజరానికి అయ్యే అదనపు ఖర్చు దానికి ఎన్నో రెట్లు. యాభై నోటు ఒకటి పంజరానికి క్లిప్పు పెట్టి సిద్ధంగా ఉంచండి.

చట్టం గురించి ఇంకొక్క ముక్క. రామచిలుక జోలికి వెళ్లకండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద కేసవుతుంది. కాకటీల్ మన అడవి పిట్ట కాదు. దేశాల మధ్య ప్రాణుల వ్యాపారాన్ని అదుపు చేసే సైట్స్ ఒప్పందం కూడా చిలుక జాతుల్లో మినహాయింపు ఇచ్చిన కొద్దిపాటి వాటిలో దీన్నీ చేర్చింది. అడిగేవాళ్లు తక్కువ కాబట్టి మీరు ఏం చేసినా సబబే. నీతి అంటే ఇంతకు మించి ఆలోచించనక్కర్లేదు.

3. జత కొనేటప్పుడు ధర ఒక్కటే అడగండి

మామూలు బూడిద రంగు కాకటీల్‌లో ఎదిగిన మగదానికి ముఖం నిండా పసుపు. ఆడదానికి ముఖం మసక, తోక అడుగున చారలు. మొదటిసారి ఈకలు మార్చుకునేదాకా, అంటే ఆరు నెలలు దాటేదాకా, పిల్లలన్నీ ఆడవాటిలాగే కనిపిస్తాయి. ఈక పంపితే ల్యాబ్‌లో డీఎన్‌ఏ పరీక్ష చేసి ఆడో మగో తేల్చి చెబుతారు. ఆ డబ్బులు మిగుల్చుకోండి. అమ్మేవాడు ‘గ్యారంటీ జత అన్నా’ అంటే నమ్మండి. రెండూ మగవై నెలల తరబడి ఒకదానికొకటి ఈలలు వేసుకుంటూ కూర్చుంటే, వాస్తు తెలిసినవాళ్లను పిలిచి పంజరాన్ని ఈశాన్యం నుంచి జరపండి.

కొత్త పిట్టను కనీసం నెల రోజులు వేరే గదిలో ఉంచి చూడాలంటారు. అందుకు రెండో పంజరం, రెండో గది కావాలి. వద్దు. తెచ్చిన సాయంత్రమే పాతవాటి మధ్య వదలండి. తుమ్ములైనా విరేచనాలైనా అన్నిటికీ ఒకేసారి వస్తాయి. మీకు రోజుకో దిగులు పడే బాధ తప్పుతుంది.

4. ఈడు రాకముందే పెట్టె కట్టండి

ఆడపిట్ట ఏడాది నిండకుండానే గుడ్డు పెట్టగలదు. ఒంట్లో బలం చేరాలి, పిల్లలకు మేత పెట్టే ఓపిక రావాలి, ఏడాదిన్నర దాకా ఆగండి అని అనుభవం ఉన్నవాళ్లు పోరు పెడతారు. అన్ని నెలలు గింజలు ఎవరు కొంటారు? పెట్టగలిగినప్పుడు పెట్టనివ్వండి. లేత జత గుడ్లను పొడిచి పగలగొట్టవచ్చు, పొదగడం మధ్యలో మానేయవచ్చు, పుట్టిన పిల్లలకు మేత పెట్టకుండా పక్కకు తిరిగి కూర్చోవచ్చు. ‘మొదటి విడత అంతే’ అనుకోండి. రెండో విడతకూ మూడో విడతకూ ఇదే మాట పనికొస్తుంది.

5. పొద్దుతిరుగుడు గింజల బస్తా ఒక్కటి చాలు

కొర్రలు, సజ్జలు, వరి, ఓట్లు కలిపి, పాలకూర, మునగాకు, క్యారట్ తురుము, ఉడికించిన గుడ్డు పెట్టాలట. కడగాలి, తరగాలి, వాడిపోయిన ముక్కలు సాయంత్రంలోగా తీసేయాలి. ఇంట్లో మనుషులకే ఇంత సేవ జరగడం లేదు. పొద్దుతిరుగుడు గింజలు గిన్నె నిండా పోసి నాలుగు రోజులు అటు వెళ్లకండి. వాటి రుచి మరిగిన పిట్ట మిగతావన్నీ ముక్కుతో పక్కకు నెట్టేస్తుంది. ‘దీనికి ఇవి తప్ప ఏవీ పడవండీ’ అని చెప్పడానికి మీకు సాక్ష్యం దొరికినట్టే. కాలేయానికి కొవ్వు పట్టినా పైకి కనిపించదు. ఫొటోలో బొద్దుగా ముద్దుగా వస్తుంది. గిన్నెలో పైన తేలేది ఒలిచిన పొట్టేనా, గింజ మిగిలిందా అని ఊది చూడకండి. నిండుగా కనిపిస్తే నిండుగా ఉన్నట్టే.

గుడ్డు పెంకుకు కాల్షియం కావాలి, ఒప్పుకుంటాను. పెట్ షాపులో కటిల్ ఫిష్ బోన్ అంటారు, మందుల పచారీ కొట్లో సముద్రపు నురుగు అంటారు. పంజరానికి కడితే పిట్ట తనకు కావలసినంత గీక్కుని తింటుంది. కానీ అది అరిగిపోతుంది, మళ్లీ కొనాలి. పెంకు తయారీకి బయట దొరక్కపోతే పిట్ట తన ఎముకల్లోంచి తీసి వాడుకుంటుంది. సరుకు దాని ఒంట్లోనే ఉండగా మీరు కొట్టుకు వెళ్లడం దండగ.

6. పెట్టెకు మూత మేకులతో బిగించండి

గూడుపెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు అడుగు చొప్పున ఉండి, పక్కన మూడంగుళాల కంత ఉంటే సరిపోతుంది. పైమూత తెరుచుకునేలా ఉండాలని, రోజూ ఒకసారి తొంగి చూసి చనిపోయిన పిల్లల్ని, మురిగిన గుడ్లను తీసేయాలని అంటారు. తెరుచుకునే మూత ఉంటే తెరవాల్సి వస్తుంది. మేకులు కొట్టేయండి. వాసన వచ్చేదాకా లోపల అంతా క్షేమమే.

అడుగున రెండంగుళాల మందం చిత్రిక పొట్టు వేయాలన్న మాటా పక్కన పెట్టండి. నున్నటి చెక్క తుడవడానికి సులువు. పిల్లల కాళ్లు పట్టు దొరక్క చెరో పక్కకు చీలిపోతాయి. అలాంటి పిల్ల కమ్మీ ఎక్కలేదు. ఎక్కలేనిది పారిపోదు. పంజరం తలుపుకు గొళ్లెం ఖర్చు కూడా కలిసొచ్చింది.

7. విశ్రాంతి మీకు, విడతలు దానికి

రోజు విడిచి రోజు గుడ్డు. పగలు మగది, రాత్రి ఆడది వంతులేసుకుని 18 నుంచి 21 రోజులు పొదుగుతాయి. నాలుగైదు వారాలకు పిల్లలు పెట్టె దాటి బయటికొస్తాయి. సొంతంగా తినడం నేర్చేసరికి ఎనిమిది వారాలు దాటవచ్చు. అందుకే ఏడాదికి రెండు విడతలతో ఆపి, పెట్టె తీసేసి, రాత్రి చీకటిని పొడిగించి ఆడపిట్టకు నెలల తరబడి తెరిపి ఇస్తారు. ఫ్రిజ్ మీది లెక్కలో ఆరు విడతలున్నాయి. దాన్ని కొట్టేయకండి.

పెట్టె ఏడాది పొడవునా పంజరానికే ఉంచండి. పక్కన ట్యూబ్‌లైటు రోజుకు పదహారు గంటలు వెలిగించండి. వెలుతురు గంటలు పెరిగితే గుడ్ల కాలం వచ్చిందని పిట్ట అనుకుంటుంది. పెట్టిన గుడ్లు పెట్టినట్టే తీసేయండి. లోటు పూడ్చడానికి ఇంకా పెడుతుంది. తీసిన గుడ్లను ఎక్కడ పొదిగించాలన్న ప్రశ్న ఇప్పుడు వద్దు. సంఖ్య ముఖ్యం.

8. తోక ఊగుతుంటే కంగారు పడకండి

ఒకరోజు పొద్దున ఆడపిట్ట కమ్మీ మీద కనిపించదు. పంజరం అడుగున ఓ మూల ఈకలు ఉబ్బించుకుని కూర్చుని ఉంటుంది. కళ్లు సగం మూతపడి ఉంటాయి. ఊపిరి తీసుకున్న ప్రతిసారీ తోక కిందికీ పైకీ ఊగుతుంది. లేవబోతే కాలు పట్టు తప్పుతుంది. పొట్ట కింద వేలితో తాకితే గట్టిగా గుండ్రంగా తగులుతుంది. గుడ్డు దారిలో ఇరుక్కుంది. లేత వయసు, కాల్షియం లోటు, తెరిపి లేని విడతలు ఉన్నచోట ఇది తరచూ జరిగేదే. 4, 5, 7 చిట్కాలు మీరు శ్రద్ధగా పాటించారని దీన్నిబట్టి తెలుస్తుంది. మెచ్చుకుంటున్నాను.

వెచ్చటి పెట్టెలో పెట్టి, గంటలు గడవకముందే పక్షుల వైద్యం తెలిసిన వెటర్నరీ డాక్టర్‌కు చూపిస్తే బతికే అవకాశం ఉంది. ఆటో ఎక్కకండి. ముందు వాట్సాప్ గ్రూపులో ఫొటో పెట్టండి. ఒకాయన ఆముదం రాయమంటాడు. ఇంకొకాయన ఆవిరి పట్టమంటాడు. మూడో ఆయన పొట్ట నొక్కమంటాడు. సలహా ఇచ్చినవాళ్లు చిన్నబుచ్చుకుంటారు, మూడూ చేయండి. నొక్కితే గుడ్డు లోపలే పగులుతుంది, విషయం త్వరగా తేలిపోతుంది. మగపిట్ట రెండు మూడు రోజులు పిలుస్తూనే ఉంటుంది. టీవీ సౌండు పెంచండి. పిల్లలు అడిగితే ‘దాని ఆయువు అంతేరా’ అనండి. వాళ్లు ఆ మాట నమ్మే వయసులోనే ఈ వ్యాపారం పెట్టుకోండి.

9. మేత వేడి ఎంతుందో చూడకండి

చేతి మీద వాలే పిల్లకు ధర ఎక్కువ. అందుకని రెండు మూడు వారాల పిల్లల్ని పెట్టెలోంచి తీసి సిరంజితో మేత పెడతారు. శ్రద్ధ ఉన్నవాళ్లు పక్షి పిల్లల కోసం చేసిన పొడి కొని, థర్మామీటర్‌తో చూసి 40 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంచి, కొద్దికొద్దిగా, కొన్ని గంటలకోసారి పెడతారు. మీ నిద్ర కంటే అది ఎక్కువా? చంటిపిల్లల డబ్బా పొడి నీళ్లలో కలిపి మైక్రోవేవ్‌లో తిప్పండి. వేలితో పైపైన తాకండి. పైన గోరువెచ్చన, మధ్యలో సలసల. అదే సిరంజిలోకి లాగండి.

పిల్ల మెడ కింద మేత నిలిచే సంచి ఉంటుంది. దాని మీది చర్మం ఎంత పల్చనంటే లోపలి మేత రంగు బయటికి కనిపిస్తుంది. కాలితే ముందు ఎర్రబడుతుంది. తర్వాత నల్లగా పొక్కు కడుతుంది. ఇంకొన్నాళ్లకు పొక్కు ఊడి కంత పడుతుంది, తిన్నది రొమ్ము ఈకల మీదికి కారుతుంది. ఎర్రబడటానికీ కంత పడటానికీ మధ్య మీకు రోజులు దొరుకుతాయి. ఆ రోజుల్లో అమ్మేయండి. మేత మరీ చల్లారిందని పారేయకండి. సంచిలో అరగక పులిసినా అదీ బయటికి కనిపించదు. ఒకేసారి గట్టిగా నొక్కి పోయడం వల్ల ఊపిరితిత్తుల్లోకి పోతే, ఆ పిల్లకు రేపటి పూట మేత తప్పిపోయినట్టే.

10. రంగు పలికితే రక్తం అడగకండి

బూడిదరంగు అసలు రంగు. మిగతావి పంజరాల్లో పుట్టినవి. మచ్చల పైడ్ అమెరికాలోని కాలిఫోర్నియాలో 1949లో, ఎర్రకళ్ల పసుపు లుటినో ఫ్లోరిడాలో 1958లో వచ్చాయి. రంగు నిలపడానికి దగ్గరి రక్తాన్ని పదే పదే కలపడంతో లుటినోల్లో చాలావాటికి తురాయి వెనక బట్టతల స్థిరపడింది. తెలిసినవాళ్లు బట్టతల లేనివాటిని ఏరి, మంచి బూడిదరంగు పిట్టలతో కలిపి దాన్ని తగ్గించాలని చూస్తారు. మీరు తరాలు ఆగక్కర్లేదు. తండ్రినీ కూతురినీ ఒకే పెట్టెకు పంపండి. పిల్లల కాళ్లకు నంబరు రింగులు వేయకండి, పుస్తకంలో రాయకండి. రింగు లేకపోతే బంధుత్వం లేదు.

ముత్యాల చుక్కల పెర్ల్ రకంలో మగపిల్లలకు మొదటిసారి ఈకలు మారాక చుక్కలు చెరిగిపోతాయి. ఆ లోపు అమ్మండి. కొన్నవాళ్లు రంగు వెలిసిందని ఫోన్ చేస్తే ‘మీ ఊరి నీళ్లు పడలేదు’ అనండి.

11. పంజరం వంటింట్లోనే పెట్టండి

మేత వేయడానికి దగ్గర. నాన్‌స్టిక్ పెనం స్టవ్ మీద ఖాళీగా మాడితే వచ్చే ఆవిరి పిట్టను నిమిషాల్లో చంపగలదు. దోసెలు మానుకుంటామా? పూజగది పక్కనైతే ఇంకా శ్రేష్ఠం. అగరొత్తులు, సాంబ్రాణి, సాయంత్రమైతే దోమల కాయిల్. ఇల్లంతా ఆరోగ్యంగా ఉంటుంది. అర్ధరాత్రి చీకట్లో చిన్న చప్పుడైనా కాకటీల్ బెదిరి తీగలకేసి కొట్టుకుంటుంది, లేత ఈకల్లోంచి నెత్తురు కారుతుంది. చిన్న బెడ్‌లైటు వేస్తే చాలా వరకు తగ్గుతుంది. పదహారు గంటలు ట్యూబ్‌లైటు వెలిగించాం, మళ్లీ కరెంటు ఎందుకు?

పిల్లలు ఎక్కువైతే పంజరాలన్నీ డాబా మీది రేకుల షెడ్డులోకి మార్చండి. మే నెలలో బెజవాడలోనైనా, రామగుండంలోనైనా భయం లేదు. ఆస్ట్రేలియా ఎండలు చూసిన జాతి. అక్కడ నీడకూ నీటికీ ఎగిరి వెళ్లే వీలుందన్న సంగతి ఎవరూ గుర్తు చేయకుండా చూసుకోండి.

12. దగ్గు మీది, పిట్టది కాదు

కాకటీల్ ఒంటి నుంచి తెల్లటి పొడి ఎప్పుడూ రాలుతూనే ఉంటుంది. ఉబ్బసం ఉన్న పక్కింటావిడ అడిగితే ‘సిమెంటు పనులు జరుగుతున్నాయి కదా పిన్నిగారూ’ అనండి. ట్రే కాగితాలు నెలకోసారి మార్చండి, అదీ ఎండిన రెట్టను చీపురుతో గట్టిగా ఊడుస్తూ. సిట్టకోసిస్ అనే జబ్బు ఆ దుమ్ము ద్వారానే మనుషులకు అంటుతుంది. జ్వరం, పొడిదగ్గు, ఒళ్లునొప్పులతో మొదలై న్యుమోనియా దాకా వెళుతుంది. సమయానికి కనిపెడితే డాక్సీసైక్లిన్‌తో నయమవుతుంది. డాక్టర్‌గారు ‘ఇంట్లో పక్షులున్నాయా?’ అని అడిగితే లేవనండి. ఉన్నాయంటే ముందు పంజరాలు కడగమంటారు.

13. అమ్మకం: ఎంత తొందరైతే అంత మేలు

2018 పెట్ షాప్ నిబంధనల ప్రకారం ప్రాణులను అమ్మే దుకాణం రాష్ట్ర జంతు సంక్షేమ మండలిలో నమోదు కావాలి. మీది దుకాణం అని ఎవరన్నారు? ‘హాబీ’ అనండి. బిల్లు ఇవ్వకండి, పేరు చెప్పకండి, బస్టాండ్ దగ్గర చేతులు మార్చండి.

ఇంకా సిరంజి మేత మీదున్న పిల్లనే అమ్మండి. ‘చిన్నప్పుడే తీసుకుంటే మీకు బాగా అలవాటవుతుంది’ అని చెప్పండి. మేత పెట్టడం రానివాళ్లకు అమ్మితే మరీ మంచిది. పిల్ల పోతే తప్పు వాళ్లదేనని వాళ్లే నమ్ముతారు. ఊరి బయటి బేరమైతే అట్టపెట్టెకు పెన్నుతో రెండు కంతలు పొడిచి, రాత్రి బస్సు డిక్కీలో వేయండి. ఎక్కించేముందు వీడియో తీసుకోండి. ‘నేను పంపినప్పుడు బాగానే ఉంది’ అన్న మాటకు అంతకంటే సాక్ష్యం ఉండదు.

కొనేవాళ్లను ఏమీ అడగకండి. ఇంట్లో పిల్లి ఉందా, రోజంతా ఎవరైనా ఉంటారా, ఇరవై ఏళ్లు చూసుకుంటారా అని అడిగితే కొందరు ఆలోచనలో పడి వెళ్లిపోతారు.

14. ఫోన్‌కు జవాబులు ముందే రాసిపెట్టుకోండి

‘అన్నా, పిట్ట తింటలేదు’ అంటే: ‘కొత్త ఇల్లు కద తమ్మీ, దిగులు పడ్డది. రెండు రోజులు చూడు.’ రెండు రోజుల తర్వాత ఆ ఫోన్ రాదు.

‘రెండూ మగవేనంట కదా’ అంటే: ‘పెట్టె ఏ దిక్కుకు కట్టారు సార్?’

‘గొంతు కాలిందని డాక్టర్‌గారు అన్నారు’ అంటే: ‘మీరేం తాగించారమ్మా?’ ప్రశ్నకు ప్రశ్నే జవాబు. అడిగినవాళ్లు సంజాయిషీ ఇచ్చుకోవడంలో పడతారు.

‘దీని వయసెంత?’ అంటే: ‘మంచి ఈడు మీదుంది.’

‘డబ్బు వాపసు ఇవ్వండి’ అంటే: ‘ప్రాణానికి వెల కట్టగలమా చెప్పండి!’ ఈ మాట అనేటప్పుడు గొంతు కొంచెం వణకాలి.

15. మిగిలినవాటికి స్వేచ్ఛ ప్రసాదించండి

మీ వీధిలో ఇంకో నలుగురు ఇదే లెక్క ఫ్రిజ్‌కు అంటించుకుంటారు. కొనేవాళ్లకంటే అమ్మేవాళ్లు ఎక్కువవుతారు. ధర పడిపోతుంది, షెడ్డులో పిట్టలు మిగులుతాయి. కాళ్లు చీలినవి, బట్టతలవి, ఒంటి ఈకలు తామే పీక్కున్నవి ఎవరికీ పనికిరావు. మంచి రోజు చూసి డాబా మీద పంజరాల తలుపులన్నీ తీయండి. తరతరాలుగా గిన్నెలోని గింజే ఎరిగిన పిట్టకు బయట మేత వెతుక్కోవడం రాదు. కాకులూ గద్దలూ దాన్ని ముందే చూస్తాయి. మీరు కిందికి దిగి తలుపు వేసుకుంటే సరి. ఎగిరే క్షణం మాత్రం స్లో మోషన్‌లో తీసి, వీణ సంగీతం కలిపి స్టేటస్ పెట్టండి. మీ అత్తగారి తరఫు వాళ్లందరూ దండాలు పెడతారు.

ఇక వెనక్కి తిరిగి చూసుకోండి. ఏడాది గడిచింది. ఆడపిట్ట పోయింది, మగది ఎవరికో చేరింది, పిల్లలు ఎక్కడెక్కడో చేతులు మారాయి. మీరు పుస్తకం తెరవలేదు, డాక్టర్ మెట్లు ఎక్కలేదు, ఒక్క మధ్యాహ్నం నిద్ర పోగొట్టుకోలేదు. ఇరవై ఏళ్లు మోయవలసిన బాధ్యతను ఒక్క ఏడాదిలో, ఒక్క కాగితం మీద సంతకం లేకుండా ముగించారు. సిమ్ కార్డు మార్చండి. ఫ్రిజ్ మీది కాగితంలో కాకటీల్ కొట్టేసి ఆఫ్రికన్ లవ్‌బర్డ్స్ అని రాయండి, అంకెలు అవే ఉంచండి. పంజరాలు సిద్ధంగానే ఉన్నాయి. కడగనక్కర్లేదు.